కానుకలకు కొదవ లేదు, కబుర్లకే కరువు

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు. పెళ్ళై ఆరేళ్ళయింది. మా ఆయన నా పుట్టినరోజుకి, పెళ్ళిరోజుకి, ఫిబ్రవరి 14కి తప్పకుండా ఖరీదైన కానుక ఇస్తాడు. వాటిలో రెండింటి వాయిదాలు ఇంకా కడుతున్నాం. మామూలు రోజుల్లో మాత్రం ఇంటికి రాగానే ఫోన్ పట్టుకుంటాడు. నేనేం చెప్పినా 'ఊ' అంటాడు. పోయిన నెల మూడు రోజులు జ్వరంతో పడుకుంటే యాప్‌లో మందులు తెప్పించాడు గానీ, గదిలోకి వచ్చి నుదురు తాకి చూడలేదు. బాధ చెప్పుకుంటే మా అమ్మ కూడా 'ఇంతకంటే ఏం కావాలే నీకు' అంటోంది. వచ్చే నెల పెళ్ళిరోజుకి రిసార్ట్‌లో రెండు రాత్రులకి 'రొమాంటిక్ ప్యాకేజీ' బుక్ చేశాడు, ఫోటో షూట్‌తో సహా. వినగానే నాకు సంతోషం కలగలేదు, నీరసం వచ్చింది. నాది కృతఘ్నతా? తనకి ఎలా చెప్పను?

సమాధానం: కృతఘ్నత అని మాకనిపించడం లేదు. ఏడాదిలో మూడు రోజులు మీకు బాగానే జరుగుతోంది. మీ గొడవంతా మిగిలిన 362 రోజులతో.

ముందుగా మీ ఆయన వైపు ఒక మాట. ఆయనకి ప్రేమ లేదనడానికి మీ ఉత్తరంలో ఆధారమేమీ కనిపించలేదు. తేదీలు గుర్తుపెట్టుకుంటున్నారు, నెల ముందే ఏర్పాట్లు చేస్తున్నారు, అప్పు చేసి మరీ తెస్తున్నారు. ఆయనకి వచ్చిన భాష అదొక్కటే. దాన్ని ఆయన కనిపెట్టలేదు, పెద్ద పెద్ద వ్యాపారాలు శ్రమపడి నేర్పించాయి. గుండె ఆకారపు చాక్లెట్ పెట్టెలు 1860ల్లో రిచర్డ్ క్యాడ్‌బరీ కాలం నాటివి. డి బీర్స్ వజ్రాల సంస్థ అమెరికాలో అమ్మకాలు పెంచుకోవడానికి 1938లో ఎన్.డబ్ల్యూ. అయర్ అనే ప్రకటనల కంపెనీని పెట్టుకుంది. వజ్రం శాశ్వతం అన్న నినాదాన్ని 1947లో ఆ కంపెనీలో పనిచేసే ఫ్రాన్సిస్ గెరెటీ రాశారు. (ఆవిడ జీవితాంతం పెళ్ళి చేసుకోలేదు.) 1980ల నాటికి ఉంగరానికి రెండు నెలల జీతం పెట్టాలని కొలత కూడా ప్రకటనలే చెప్పాయి. జపాన్‌లో ఫిబ్రవరి 14న ఆడవాళ్ళు మగవాళ్ళకి చాక్లెట్లు ఇస్తారు. అక్కడి మిఠాయి తయారీదారులు 1970ల చివర్లో మార్చి 14ని కూడా కలిపారు, మగవాళ్ళు తిరిగి ఇవ్వడానికి. బాకీ తీర్చుకోవడానికి కూడా తేదీ పెట్టారన్నమాట.

తేదీ, వస్తువు, ఎంత పెట్టాలో కొలత. ఈ మూడూ చేతికి అందాక మగవాడికి పని చాలా తేలికవుతుంది. ఎప్పుడు చేయాలో తెలుసు, ఎక్కడ దొరుకుతుందో తెలుసు, ఇచ్చాక పూర్తయిందనీ తెలుసు. రోజువారీ ఆప్యాయతకి ఇవేమీ ఉండవు. దానికి రసీదు రాదు. ఎంత చేస్తే చాలో ఎవరూ చెప్పరు. ఆఫీసులో టార్గెట్లతో బతికే మనిషి మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడంలో వింతేమీ లేదు.

ఖరీదు దగ్గరా ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఖరీదు పెరిగితే అవతలివాళ్ళ మెప్పూ పెరుగుతుందని ఇచ్చేవాళ్ళు అనుకుంటారు, పుచ్చుకునేవాళ్ళకి మాత్రం ఆ రెంటికీ పొత్తు కుదరదని ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. ఇదే ఫ్లిన్ రెండేళ్ళ తర్వాత ఫ్రాన్సెస్కా జీనోతో కలిసి చేసిన ఇంకో పనిలో, అడిగిన వస్తువు ఇస్తేనే పుచ్చుకునేవాళ్ళు ఎక్కువ సంతోషించారు. ఇచ్చేవాళ్ళు మాత్రం తమంతట తాము ఆలోచించి తెచ్చినదే గొప్పగా ఉంటుందనుకున్నారు. 'సర్‌ప్రైజ్' మీద నడిచే వ్యాపారానికి ఇది ఎంత అనుకూలమో చూడండి: అడక్కుండా కొంటే తప్పు వస్తువు కొనే అవకాశమెక్కువ, ఆ లోటు పూడ్చడానికి వచ్చేసారి ఇంకా పెద్దది కొంటారు. రిసార్ట్ దాకా వచ్చింది ఆ దారిలోనేనని మా అనుమానం.

ఇప్పుడు ఆ 'ఊ' సంగతి. మీకు నిజంగా గుచ్చుకుంటున్నది అదే కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం. కిటికీ దగ్గర నిలబడి మీరు 'వాన మొదలైనట్టుంది' అన్నారనుకోండి. అది వాతావరణ వార్త కాదని మీకు తెలుసు. ఇటు చూడు, ఒక్క నిమిషం నాతో ఉండు అని దాని అర్థం. ఆయన తలెత్తి 'అవునా, గట్టిగానే పడుతోందా' అంటే చాలు. లేచి రానక్కర్లేదు. ఫోన్ మీంచి కళ్ళు తీయకుండా 'ఊ' అంటే తలుపు వేసినట్టవుతుంది. 'అయితే ఏంటి' అంటే తలుపు ముఖాన కొట్టినట్టే. అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ బృందం కొత్త దంపతుల మధ్య ఇలాంటి చిన్న పిలుపులనే లెక్కపెట్టి, ఆరేళ్ళ తర్వాత వాళ్ళ కాపురాలు ఎలా ఉన్నాయో చూసింది. కలిసి ఉన్న జంటల్లో ఇలాంటి పిలుపుల్లో సుమారు 86 శాతానికి అవతలివారి నుంచి స్పందన దొరికింది, విడిపోయిన జంటల్లో 33 శాతానికే. నూటికి నూరు ఎవరికీ రాలేదని కూడా గమనించండి. మీ ఆయన అప్పుడప్పుడు 'ఊ' అన్నంత మాత్రాన కొంప మునగదు. అన్నిసార్లూ అదే అయితే పట్టించుకోవాల్సిందే.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాం, నొచ్చుకోకండి. కానుక వచ్చిన రోజు మీరేం చేస్తారు? చాలా ఇళ్ళలో జరిగేది ఇది: పెట్టె తెరుస్తూ వీడియో, వెంటనే స్టేటస్, చుట్టాల అభినందనలు, స్నేహితుల అసూయ, రెండు రోజుల పాటు ఇంట్లో ఉత్సాహం. అదే మనిషి ఒక మంగళవారం పూట ఆరేసిన బట్టలు మడతపెట్టి బీరువాలో సర్దితే ఒక్క మాటా ఉండదు, పైగా 'చీరలు అలా పెట్టకూడదు' అని దిద్దుబాటు ఒకటి. ఏ పనికి చప్పట్లు పడతాయో మనిషి ఆ పనే మళ్ళీ చేస్తాడు. మీ ఇంట్లో ఇలా లేకపోతే ఈ పేరా వదిలేయండి. ఉంటే మాత్రం, ఆయన్ని అడగడానికి ముందు రెండు వారాలు మీ వైపు సర్దుబాటు చేసుకోండి. ఆయన మామూలుగా చేసే చిన్న పని ఏదైనా కనిపిస్తే అప్పటికప్పుడు పేరు పెట్టి చెప్పండి. 'థాంక్స్, నాకు పని తగ్గింది' అంటే మీ లాభం గురించే చెప్పినట్టు ఉంటుంది. 'నేను అడగకముందే గమనించావు' అంటే ఆ మాట ఆయన గుణం మీదికి వెళ్తుంది. ఇందులో రెండోది ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

తర్వాత మాట్లాడటం. కానుక ఇచ్చిన రోజు వద్దు, ఆ వారంలోనూ వద్దు. ఎంత మెత్తగా చెప్పినా ఆయనకి వినిపించేది 'నువ్వు తెచ్చింది నాకు నచ్చలేదు' అనే. పడుకునే ముందూ వద్దు, అలసట మీద ప్రతి మాటా నిందలాగే ఉంటుంది. సెలవు రోజు, కడుపు నిండి ఉన్న పూట, ఎదురెదురుగా కూర్చోకుండా పక్కపక్కన నడుస్తున్నప్పుడో బండిలో వెళ్తున్నప్పుడో మొదలుపెట్టండి. ముఖంలోకి చూడనక్కర్లేనప్పుడు చాలామంది మగవాళ్ళు తేలిగ్గా మాట్లాడతారు.

మాటలు ఇంచుమించు ఇలా ఉండొచ్చు: 'నువ్వు ప్రతి పెళ్ళిరోజూ గుర్తుపెట్టుకుంటావు, అది నాకు తెలుసు. జ్వరం వచ్చినప్పుడు మందులొచ్చాయి, నువ్వు రాలేదు. నాకు నీ చెయ్యి కావాలనిపించింది. ఇక నుంచి రోజూ రాత్రి పదిహేను నిమిషాలు ఫోన్ లేకుండా నాతో కూర్చుంటావా?' ఇంతే. ఇందులో ఒక మెప్పు ఉంది, జరిగిన సంఘటన ఒకటి ఉంది, చిన్న కోరిక ఒకటి ఉంది. 'ఎప్పుడూ', 'ఒక్కనాడూ', 'అందరి మొగుళ్ళూ' అన్న మాటలు లేవు. 'ఎప్పుడూ ఇంతే' అన్నారో, ఆయన మీరు చెప్పింది వదిలేసి అలా చేయని రోజులు వెతకడం మొదలుపెడతారు.

కోరికకి కొలత ఉండటం ఇక్కడ చాలా ముఖ్యం. 'నాకు నీ టైమ్ కావాలి' అని ఊరుకుంటే ఆయన ఇంకో రిసార్ట్ బుక్ చేస్తారు! నవ్వులాటకి అనడం లేదు. సమయం అనగానే ప్యాకేజీగా అమ్మే సమయమే ఆయనకి తోస్తుంది. అందుకే ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అనేవి చెప్పాలి. ఇంటికొచ్చిన క్షణమే మీద పడకుండా కాళ్ళు కడుక్కుని, బట్టలు మార్చుకుని కుదుటపడటానికి ఒక అరగంట వదలండి. ఆ తర్వాత పదిహేను నిమిషాలు, ఇద్దరి ఫోన్లూ వేరే గదిలో. బోర్లా పెట్టి పక్కన ఉంచుకుంటే లాభం లేదు, మోగకపోయినా చెయ్యి అటే పోతుంది. ఫోన్ నియమం మీకూ వర్తిస్తుంది. ఆ పదిహేను నిమిషాల్లో ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు, ఎవరు ఏ బిల్లు కట్టాలి అన్నవి రాకూడదు. వాటికి వేరే పూట పెట్టుకోండి, లేకపోతే వారం తిరిగేసరికి ఇది కూడా ఇంకో మీటింగ్ అయిపోతుంది.

రెండో కోరిక: మీరు ఏదైనా మంచి వార్త చెప్పినప్పుడు ఒక్క ప్రశ్న తిరిగి అడగమనండి. 'ఆఫీసులో నా రిపోర్ట్ మెచ్చుకున్నారు' అంటే, 'బాగుంది' అని ఆగకుండా 'ఎవరన్నారు, ఏమన్నారు?' అని. కష్టంలో ఓదార్చడం ఎంత ముఖ్యమో, సంతోషంలో తోడుగా ఉత్సాహపడటం కూడా అంతే ముఖ్యమని మనస్తత్వవేత్త షెల్లీ గేబుల్ పరిశోధనలు చూపించాయి. ముక్తసరి 'గుడ్' అన్నమాట చూడటానికి మర్యాదగానే ఉంటుంది గానీ కబురుని అక్కడికక్కడే చంపేస్తుంది.

జ్వరం లాంటి వాటికి ఏం కావాలో బాగున్నప్పుడే చెప్పి ఉంచండి. గదిలోకి వచ్చి నుదురు తాకడం, మంచం మీద పది నిమిషాలు కూర్చోవడం, మీరు మెలకువగా ఉన్నప్పుడల్లా మంచినీళ్ళ సీసా నిండుగా ఉందో లేదో చూడటం. మందులు యాప్‌లో తెప్పిస్తే తెప్పించనివ్వండి, అందులో తప్పేం లేదు. 'ఇవన్నీ చెప్పించుకుని చేయిస్తే ప్రేమ ఎలా అవుతుంది' అని మీకు అనిపించొచ్చు. మనసు చదివి చేస్తేనే ప్రేమ అన్న భ్రమ కూడా ఆ సర్‌ప్రైజ్ వ్యాపారంలోంచి వచ్చిందే. అడగందే అమ్మైనా పెట్టదు. చెప్పకుండా మనసులోనే పరీక్ష పెట్టి, ఆయన తప్పాక మార్కులు వేయడం మాత్రం అన్యాయం, పరీక్ష ఉందని ఆయనకి తెలియను కూడా తెలియదు.

ఎక్కడ తేడా కొడుతుందో ముందే చెప్తాం. మొదటి వారం బాగా జరుగుతుంది. రెండో వారంలో ఆయన హాజరు వేయించుకోవడానికి వచ్చినట్టు వచ్చి కూర్చుంటారు, ఏం మాట్లాడాలో తోచక గడియారం చూస్తారు. మీకు అది నటనలా కనిపించి, 'ఇష్టం లేకపోతే వద్దులే' అని నోరు జారతారు. అక్కడే చాలా ఇళ్ళలో కథ ముగిసిపోతుంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పోదని కూడా వాళ్ళు గమనించారు. కాబట్టి కనీసం రెండు నెలలు కృత్రిమంగానే ఉండనివ్వండి. మాటలు తోచనప్పుడు ఏదో ఒక పని పెట్టుకోండి: బట్టలు మడవడం, మొక్కలకి నీళ్ళు పోయడం. చేతులు ఆడుతుంటే నోరు దానంతటదే కదులుతుంది. తప్పిన రోజులు లెక్కపెట్టి నెలాఖరుకి చదివి వినిపించకండి.

డబ్బు సంగతి విడిగా మాట్లాడాలి, అదే రోజు కలపకండి. లెక్క సులువైనదే. ఏటా మూడు కానుకలు, ఒక్కొక్కటి 12 నెలల వాయిదా మీద కొంటే, మొదటి ఏడాది దాటాక ఏ నెల చూసినా మూడు వాయిదాలు ఒకేసారి నడుస్తుంటాయి. ఒకటి తీరేలోపు ఇంకోటి మొదలవుతుంది, అప్పు లేని నెల రానే రాదు. 'వడ్డీ లేని వాయిదా' అన్న బోర్డు చూసి మోసపోవద్దు. 'ఇప్పుడే మొత్తం కట్టేస్తే ఎంతకిస్తారు?' అని అడగండి, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో కూడా అడగండి. వచ్చిన తేడానే వడ్డీ. మేం సూచించేది: ఏడాది మొత్తం కానుకలకి, వేడుకలకి కలిపి ఇద్దరూ ఒక అంకె అనుకోండి. దాన్ని పన్నెండుతో భాగించి నెలనెలా వేరే ఖాతాలో వేయండి. అందులో ఉన్నంతే ఖర్చు, వాయిదాలు బంద్. ఇప్పుడున్న రెండూ తీరేవరకు కొత్తది వద్దు.

అమెరికాలో 3,000 మందికి పైగా మీద జరిగిన ఒక సర్వేలో, నిశ్చితార్థపు ఉంగరానికి 2,000 నుంచి 4,000 డాలర్లు పెట్టిన మగవాళ్ళలో విడాకుల ముప్పు 500 నుంచి 2,000 పెట్టినవాళ్ళకంటే 1.3 రెట్లు ఉన్నట్టు తేలింది. ఆండ్రూ ఫ్రాన్సిస్-టాన్, హ్యూగో మియాలాన్ అనే ఆర్థికవేత్తలు చేసిన పని అది. దీన్ని తీసుకెళ్ళి మీ ఆయన ముందు పెట్టకండి. ఉంగరం వల్లే విడిపోయారని అది చెప్పడం లేదు. అప్పు తెచ్చే చికాకు ఒక కారణం కావచ్చంతే, ఆ చికాకు ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానుకలు పూర్తిగా మానిపించాలని మాత్రం చూడకండి. కొందరు వాణిజ్యం మీద కోపంతో పుట్టినరోజు కూడా మామూలు రోజే అని తీర్మానిస్తారు. అప్పుడు ఉన్న ఒక్క భాషా పోతుంది, కొత్తది ఇంకా రాదు. దానికి బదులు ఆయన ఫోన్‌లోనే మీకు కావాల్సినవి మూడు రాసిపెట్టండి. 'ఏదైనా బ్యాగ్' అని కాకుండా రంగు, సైజు, దేనికి వాడతారో రాయండి. మూడింట్లో ఏది కొనాలన్నది ఆయన ఇష్టం, ఆ మాత్రం సర్‌ప్రైజ్ మిగిలి ఉంటే సరదాగానే ఉంటుంది.

ఒక హెచ్చరిక. మేం చెప్పినదంతా మాటలు రాని మంచి మనిషి గురించి. అలా కాకుండా, అవమానించిన మర్నాడో చెయ్యి చేసుకున్న మర్నాడో కానుక వస్తుంటే, జరిగినదాని గురించి మాట్లాడనివ్వకపోతే, 'నీకు ఇంత పెట్టాను' అని ప్రతి తగువులో లెక్క తీస్తుంటే, మీ జీతం మీ చేతిలో ఉండనివ్వకపోతే, పదిహేను నిమిషాల కబుర్లతో బాగయ్యే విషయం కాదది. మీరు నమ్మే మనిషికి వెంటనే చెప్పండి, కౌన్సెలర్ దగ్గరికి ముందు ఒక్కరే వెళ్ళండి.

ఇక వచ్చే నెల రిసార్ట్. రద్దు చేయించకండి, ఆయన మొహం చిన్నబోతుంది, మీరు చెప్పాలనుకున్న మాట అక్కడే అణగారిపోతుంది. ప్యాకేజీని విడగొట్టమనండి. అందులో సాధారణంగా గది, గది అలంకరణ, క్యాండిల్ లైట్ డిన్నర్, ఫోటో షూట్ అని నాలుగు ఉంటాయి. గది ఒక్కటే అయితే ఎంత, రుసుము లేకుండా మార్చుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడు అని ఆయన్నే ఫోన్ చేసి కనుక్కోమనండి. మీరు చేస్తే ఆయన కానుకని మీరు లాక్కున్నట్టు ఉంటుంది. అలంకరణ అంటే పరుపు మీద పూలరేకులు, పడుకునే ముందు మీరే దులుపుకోవాలి. డిన్నర్ ఉంచుకోండి, బాగుంటుంది. ఫోటో షూట్ తప్పకుండా తీసేయించండి. వాళ్ళు షూట్ పెట్టేది పొద్దుగూకే ముందు, వెలుగు మెత్తగా ఉండే ఆ గంటలోనే. బట్టలు మార్చుకోవడం, 'సార్ కొంచెం ఇటు, మేడమ్ నవ్వండి' అన్నీ కలిపి సాయంత్రం అయిపోతుంది. మీరిద్దరూ కలిసి నడవాల్సిన సమయం అదే.

రెండో రోజుకి ఏ ప్లానూ వేయొద్దని ముందే చెప్పండి. ఫోన్లు గదిలో వదిలి బయటికి వెళ్ళండి, ఒకవేళ ఆయన జేబులో పెట్టుకుని వచ్చినా గొడవ పెట్టుకోకండి. చెట్టు మీద పిట్టో, ఎదురొస్తున్న మనిషి వింత టోపీయో, ఏది కనిపిస్తే అది చూపించి 'అటు చూడు' అనండి. తలెత్తకపోతే మళ్ళీ అనండి, ఈసారి పేరు పెట్టి పిలిచి.